రెండు గులాబిచెట్లు

అక్కచెల్లెండ్రను గూర్చిన కథలు లోకమున లెక్కకు మిక్కిలిగా గలవు. వానిలో నెక్కువ భాగము పోటీకథలే. ఒకతె మంచిది, రెండవది చెడ్డది. ఒకతె కష్టపడునది, రెండవది సోమరి. ఫ్రాన్సు దేశమున 1697వ సంవత్సరమున షార్ల్ పెరో అను నాతడు ప్రకటించిన కథలలో నొకదానియందు చిన్నకూతురు మాటాడినప్పుడెల్ల నామె నోట పూవులును రత్నములును రాలును. పెద్దకూతురు మాటాడినప్పుడు పాములును కప్పలును రాలును. అదే సంపుటములోని సిండరెల్లా కథయందు సవతి యక్కలు చేసిన యాగడములు మన తరగతులలో నెల్లరు నెఱిగినవే.

మన వాఙ్మయమునను నిట్టి కథలకు కొదువ లేదు. నన్నయభట్టారకు డాదిపర్వమున తెనిగించిన కద్రూవినతల కథను తెలుగు బిడ్డలు చిన్ననాటనే విందురు. ఇద్దఱును దక్షుని కూతుండ్రు. ఇద్దఱును కశ్యపుని భార్యలు. కద్రువకు బిడ్డలు ముందు పుట్టిరని యోర్వలేక వినత తన రెండు గ్రుడ్లలో నొకదానిని కాలము నిండకమునుపే చిదిపెను. దానినుండి తొడలు లేని యనూరుడు పుట్టెను. పిమ్మట తెల్లని గుఱ్ఱము తోకను నల్లనిదిగా జూపుటకు కద్రువ తన కొడుకులైన పాములను పంపి, పందెము గెలిచి, తోడబుట్టినదానిని దాసిగా జేసికొనెను.

ఇట్టి కథలు విని వినియే కాబోలు, ఇంట నిద్ద ఱాడపిల్లలున్నచో పెద్దలు వారిని త్రాసులో నిడి తూచుట కలవాటు పడినారు. ఈ మాట మేము వట్టిగా ననుట లేదు. మే మిద్దఱ మక్కచెల్లెండ్రము. ఒకతె పదవ తరగతి, ఒకతె తొమ్మిదవ తరగతి చదువుచున్నాము. ఈ వ్యాసమును గూడ నిద్దఱము కలిసియే వ్రాయుచున్నాము గనుక, 'మేము' అని యున్నచోట నిద్దఱ మాటగానే చదువరులు గ్రహింప ప్రార్థన. అభిప్రాయము వేఱైన తావుల 'మాలో పెద్దది', 'మాలో చిన్నది' అని విడదీసి చెప్పెదము.

మా పాఠశాలలో ప్రతి శుక్రవారము కడపటి గంటయందు పై తరగతులవారు ప్రాథమిక తరగతుల పిల్లలకు కథలు చదివి వినిపించు పద్ధతి కలదు. ఈ సంవత్సరము మూడవ తరగతి మా పాలబడినది. గ్రంథాలయపు టఱలో మాకు దొరకినది వెడల్పైన యట్టతో, నిండు రంగుల బొమ్మలతో గూడిన యొక యాంగ్ల పుస్తకము. దాని యట్టమీద నిద్దఱు బాలికలును, వారి నడుమ నొక గొప్ప యెలుగుబంటియు నున్నవి. కథ పేరు 'స్నో వైట్ అండ్ రోజ్ రెడ్'. పేరు వినగానే పిల్లలు "ఏడుగురు మరుగుజ్జులు! ఏడుగురు మరుగుజ్జులు!" అని కేకలు వేసిరి. డిస్నీ సంస్థవారు 1937లో చలనచిత్రముగా దీసిన స్నో వైటు కథ వేఱు, ఇది వేఱు. జర్మను భాషలో నా యిద్దఱి పేర్లును కొంచె మెడముగానే యుండును. ఒకామె ష్నీవిట్‌హెన్, ఇంకొకామె ష్నీవైస్‌హెన్. ఇంగ్లీషులోనికి వచ్చునప్పటికి రెండు పేర్లు నొకటై పోయి, ఈ చిక్కు గలిగినది. అందువలన మేము మా పిల్లల కొఱకు నీ కథలోని యక్కచెల్లెండ్రకు శ్వేత, అరుణ అని పేర్లు పెట్టితిమి. ఈ వ్యాసమునను నవే పేర్లు వాడెదము.

కథను తెలియనివారికి క్లుప్తముగా జెప్పుదుము. ఒక పేద వితంతువు అడవిచెంత గుడిసెలో కాపురముండెను. గుడిసె ముంగిట రెండు గులాబిచెట్లు గలవు. ఒకటి తెల్లపూవులు పూయును, ఒకటి యెఱ్ఱపూవులు పూయును. ఆమె కూతుండ్రిద్దఱు నా చెట్లను బోలియుండిరి. శ్వేత నెమ్మదిగలది, అరుణ పొలములవెంట పరుగులెత్తునది. ఒక శీతకాలపు రాత్రి తలుపు తట్టిన చప్పుడైనది. బాటసారి కాబోలునని తెఱచి చూడగా నెలుగుబంటి! చలికి తాళలేక వచ్చితి నని యది మాటాడగా, తల్లి దానిని పొయ్యియొద్ద పరుండనిచ్చెను. ఆ చలికాలమంతయు నది రాత్రులందు వచ్చి, పిల్లలతో నాడి, ప్రొద్దున పోవుచుండెను. వసంతము రాగానే, తన నిధులను దొంగిలించు మరుగుజ్జులను కాచుకొనవలెనని చెప్పి వెడలిపోయెను.

పిమ్మట నక్కచెల్లెండ్రకు మరుగుజ్జు వాడొకడు మూడు మారు లగపడెను. మొదటిమారు వాని గడ్డము చీలిన మ్రానులో నిఱుకుకొనెను. రెండవమారు గాలపు త్రాటికి జుట్టుకొనెను. మూడవమారు గ్రద్ద వానిని తన్నుకొని పోబోయెను. మూడుమారులును పిల్లలు వానిని గాపాడిరి. మూడుమారులును వాడు గడ్డము కత్తిరించితి రనియు, చొక్కా చింపితి రనియు తిట్టి, బంగారమో ముత్యములో రత్నములో నిండిన సంచిని భుజమున వేసికొని పోయెను. తుద కొకనాడు వాడు రత్నములను పఱచుకొని చూచుకొనుచుండగా నెలుగుబంటి వచ్చి పడెను. వాడు "నన్ను విడిచి, ఈ పిల్లలను దినుము" అని బ్రతిమాలెను. ఎలుగు వానిని వినిపించుకొనలేదు. వాడు తొలగగానే దాని చర్మ మూడిపడి, బంగారు వస్త్రములు ధరించిన రాజకుమారుడు నిలిచెను.

ఇక బొమ్మల సంగతి. తూర్పుతీరమున బెరిగిన మా పిల్లలలో నొక్కరును మంచు పడుట చూచినవారు కారు. మనకు మంచనగా పుష్యమాసపు ప్రొద్దులందు గడ్డిమీద నిలుచు బిందువులును, దారి కనబడకుండ గ్రమ్ము పొగవంటిదియు మాత్రమే. ఎలుగుబంటి తన యొంటిమీది మంచును చీపురుతో నూడ్పుమని పిల్లల నడిగె నని మేము చదువగా, ఒక చిన్నవాడు లేచి, "మంచును చీపురుతో నెట్లూడ్చెద రక్కా? గుడ్డతో గదా తుడువవలెను?" అని యడిగెను. వాని ప్రశ్న సరియైనదే. మన భాషలో నొక్క మాట రెండు వస్తువులకు జెల్లుచున్నది. మేము పుటను ద్రిప్పి చూపితిమి. నల్లని బొచ్చుమీద దూదివలె పేరుకొన్న తెల్లని మంచును, చీపురు పట్టిన యరుణను చూడగానే వాని సందేహము తీఱిపోయెను. మేము నాలుగు వాక్యములలో జెప్పలేనిది బొమ్మ యొక్కసారి చెప్పెను.

ఇంకొక చిత్రమును గూర్చి చెప్పవలెను. ఎలుగుబంటి వెడలిపోవునపుడు దాని వీపు తలుపు కొక్కెమునకు దగిలి కొంచెము చినుగును. ఆ చినిగిన చోట శ్వేతకు బంగారు మెఱుపు కనబడినట్లు తోచును. పుస్తకమున నీ సంగతి యొక్క వాక్యమే. కాని చిత్రకారుడు మూలనున్న యా కొక్కెముచెంత పసుపువన్నె గీత నొకదానిని వేసెను. మేము వాక్యమును చదువకమునుపే ముందు వరుసలోని పిల్ల లా గీతను కనిపెట్టి, "అది నిజమైన యెలుగు కాదు, లోపల నెవరో యున్నారు" అనిరి. "జాంబవంతుడు" అని యొకడు తేల్చిచెప్పెను. చదువ నేర్చిన మేము వాక్యము వెంట బోవుచుండగా, చదువరాని వారు బొమ్మవలన కథకంటె ముందే నడిచిరి. చిత్రకథాపుస్తకము పిల్లలకు జేయు గౌరవ మిదియే యని మేము దలచుచున్నాము.

ఇంతవఱకు బాగుగనే జరిగినది. కడపటి పుట త్రిప్పగా మాత్రము మాలో చిన్నదాని నోట మాట నిలిచిపోయెను. ఆ పుటలో శ్వేతయు రాజకుమారుడును గుఱ్ఱమెక్కి కోటవైపు పోవుచున్నారు. గుడిసె గుమ్మమున తల్లియు నరుణయు నిలిచి చేతులూపుచున్నారు. వారిద్దఱును సుఖముగా నుండిరని వ్రాసి కథను ముగించినారు. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మాలో చిన్నది పుస్తకము మూయక, "అరుణ మాటేమి?" అని యడిగెను. తలుపు తెఱచినది యరుణ. మంచు నూడ్చినది యరుణ. మరుగుజ్జును మూడుమారులు లాగి రక్షించుటలో సగము చేయి యరుణది. ఆమెకు దక్కినది చేయి యూపుటయేనా? మాలో పెద్దది, "బాలుర పుస్తకము గదా, చోటు చాలక విడిచియుందురు" అని సర్దిచెప్పబోయెను. అందులో గొంత సత్యము గలదు. ఇట్టి పుస్తకములు సాధారణముగా 32 పుటలే యుండును. పెద్ద కాగితములను మడిచి కత్తిరించునప్పుడు 8, 16, 32 అను లెక్కలు కుదురును గనుక ముద్రాపకులు ఆ కొలతకు కథను దిగ్గోయుదురు. అయినను చిన్నది యొప్పుకొనలేదు. "చోటు చాలకున్న గుఱ్ఱమును విడువవచ్చును గదా, చెల్లెలినే విడువవలెనా?" అని యామె వాదము.

మా గ్రంథాలయాధ్యక్షురాలైన యమ్మగారు ఈ తగవును విని, పై యఱలోనుండి గ్రిమ్ము సోదరుల కథల పూర్తి యాంగ్లానువాదమును దీసి యిచ్చిరి. మార్గరెట్ హంట్ అను నామె 1884లో చేసిన యనువాద మది. అందు మేము చదివిన కథ మా చిత్రపుస్తకపు కథకంటె మూడింతలు పెద్దది. అందు రాజకుమారునకు తమ్ముడొక డున్నాడు. శ్వేత యన్నను, అరుణ తమ్ముని పెండ్లాడిరి. మరుగుజ్జు కూడబెట్టిన నిధిని వారందఱు పంచుకొనిరి. తల్లి కూతుండ్రయొద్ద ననేక వత్సరములు సుఖముగా నుండెను. ఆమె తనతో గుడిసెముందటి రెండు గులాబిచెట్లను గూడ గొనిపోయి తన కిటికీయెదుట నాటుకొనెను. ఏటేట నవి తెల్లనివియు నెఱ్ఱనివియు నైన చక్కని పూవులు పూచుచుండెను.

మాలో చిన్నది పూర్తిగా దృప్తి పొందలేదు. కడపటి వాక్యమున నెచ్చటనుండియో యూడిపడిన యా తమ్ముడు, పాఠము మఱచి కడపటి నిమిషమున తరగతిలోనికి వచ్చిన విద్యార్థివలె నున్నాడని యామె యన్నది. "అక్క మనదైతే బావ మనవాడా యని సామెత యున్నది, ఇచ్చట బావ తమ్ముడు మాత్రము మనవా డగుచున్నాడు" అని నవ్వినది. అయినను లెక్క మాత్రము సరిపోయినది. ఇద్దఱికిని పాలు దక్కినది.

మఱియొక విశేషమును గూడ కనుగొంటిమి. మా చిత్రపుస్తకమున శ్వేత యెప్పుడును ఇంటిలో, అరుణ యెప్పుడును బయట. బొమ్మలన్నియు నట్లే యున్నవి. కాని హంటుగారి యనువాదమున వేసవియం దింటిపని చూచునది యరుణయే. ప్రతి యుదయమున నామె రెండుచెట్ల పూవులను జేర్చి కూర్చిన గుత్తిని నిద్రించు తల్లి మంచముచెంత నుంచును. శీతకాలమున పొయ్యి రాజేసి, మిలమిలలాడునట్లు తోమిన పాత్రను దానిపై నుంచునది శ్వేత. స్వభావములు వేఱైనను పని పంపకము ఋతువులను బట్టి జరిగినది. నెమ్మదిగల పిల్ల యింటికి, పరుగెత్తు పిల్ల బయటికి అని గీత గీసినది తరువాతివారే. అక్కచెల్లెండ్రు తా మెన్నడును విడిపోమని చెప్పుకొనగా తల్లి వారితో, ఒకరికి గల దానిని రెండవవారితో బంచుకొనవలెనని చెప్పును. ఆ మాటయు మా చిత్రపుస్తకమున లేదు.

అట్లని కథను మార్చుటయే దోషమని మేము చెప్పుట లేదు. గ్రిమ్ము సోదరులును మార్చినవారే. ఈ కథకు మూలము కెరొలీన్ స్టాల్ అను రచయిత్రి 1818లో బాలలకై ప్రకటించిన 'కృతఘ్నుడైన మరుగుజ్జు' అను కథ. అందు చలికాలపు టతిథియైన యెలుగు లేదు, రాజకుమారుడు లేడు, పెండ్లియు లేదు. పేదయింటి పిల్లలు మరుగుజ్జును పలుమారులు కాపాడుదురు; తుదకొక యెలుగు వచ్చి వానిని దినివేయును; పిల్లలు రత్నములను దల్లిదండ్రులయొద్దకు దెచ్చుకొందురు. విల్‌హెల్మ్ గ్రిమ్ము దానిని గ్రహించి, తన రీతిని మరల జెప్పితి నని తానే ఒప్పుకొనెను. 1837లో వెలువడిన మూడవ కూర్పునుండి యిది వారి పెద్ద సంపుటమున 161వ కథగా నిలిచినది. 1818లో నెలుగు మరుగుజ్జును దినెను. గ్రిమ్ము కథలో నొక్క పెట్టున జంపెను. మా బొమ్మల పుస్తకమున తఱిమివేసి యూరకుండెను. బాలల మనస్సు నొచ్చునని యొక్కొక్క తరమువారు కొంచెము కొంచెము మెత్తజేసికొనుచు వచ్చినారు. 1812లో గ్రిమ్ము సోదరుల మొదటి సంపుటము వెలువడినప్పుడు దానియందు బొమ్మలు లేవు. 1825లో 50 కథల నేర్చి బాలలకై చిన్న కూర్పు వెలువరించినప్పుడు వారి తమ్ముడు లూడ్విగ్ గీసిన 7 చిత్రములను జేర్చిరి. కనుక కథ కుదించుటయు, మెత్తజేయుటయు, బొమ్మలు చేర్చుటయు నన్నియు పూర్వమునుండి యున్నవే.

అయినచో నేది విడువదగినది, ఏది విడువరానిది? మే మిద్దఱము మూడు శుక్రవారములు దీనిని దర్కించుకొంటిమి. రాజకుమారుని విడువవచ్చును, స్టాల్‌గారి కథలో నాతడు లేకయే గడచినది. మరుగుజ్జు చావును విడువవచ్చును. పావురమును, గొఱ్ఱెపిల్లను విడువవచ్చును. కాని యొకరికి గలది రెండవవారితో బంచుకొనవలెనను తల్లి మాటను విడిచినచో నీ కథ మిగిలిన పోటీకథలలో నొకటి యగును. ఇద్దఱు మంచిపిల్ల లుండి, ఒకతెయే బహుమానము బొందుట పోటీయే గదా! పైగా, పోటీ యని చెప్పకయే పెట్టిన పోటీ.

మేము దీని నింతగా బట్టుకొనుటకు గారణము లేకపోలేదు. మా తండ్రిగారు గతించి ఐదు సంవత్సరములైనది. మా యమ్మ రవికలు కుట్టియు, చీరలకు ఫాల్సు వేసియు మమ్ము బోషించుచున్నది. మాలో పెద్దదానికి లెక్కలయందును సామాన్య శాస్త్రమునందును మంచి గుణములు వచ్చును. మాలో చిన్నదానికి సామాన్యముగా వచ్చును. కాని ఖోఖో యాటలో నామెను ముట్టుకొనుట కష్టమని మైదానమున నందఱు నెఱుగుదురు. మమ్ము జూచినవారు మొదట పెద్దదానిని మెచ్చి, పిమ్మట చిన్నదానివైపు తిరిగి, "మఱి నీవో?" అందురు. ఆ రెండు మాటలు విననివారికి వాని బరువు తెలియదు.

గడచిన వేసవిలో మా మేనమామగారు వచ్చి, మా మేలు కోరియే మా యమ్మతో, "చెల్లీ, ఇద్దఱిని పై చదువులకు బంపుట నీ వలన గాదు. పెద్దది చదువునది, దానిని బంపుము. చిన్నదానికి మిషను నేర్పి ప్రక్కన గూర్చుండబెట్టుకొనుము. నీకును సాయముండును" అనిరి. వారు చెప్పినది కఠినమైన మాట గాదు. రాబడిని చూచి చెప్పిన మాట. మా యమ్మ చేతిలోని రవికను బ్రక్కన బెట్టి, "అన్నయ్యా, నాకు గన్నులు రెండు. ఒకదానికి కాటుక పెట్టి రెండవదానిని వదలివేయుదునా?" అన్నది. మామయ్యగారు మఱి మాటాడలేదు. కాని మా యమ్మకును ఆ ద్రవ్య మెక్కడనుండి వచ్చునో యప్పుడు తెలియదు. ఆ రాత్రి యామె చాలసేపు దీపము తీయక లెక్కలు వేసికొనుట మే మిద్దఱము పడుకొని చూచితిమి.

నిధి దొరకిన పిమ్మట పంచుకొనుట సులభము. రత్నములు సంచులకొలది యున్నప్పుడు చెల్లెలికి సగ మిచ్చుటలో గొప్ప యేమి? గ్రిమ్ము కథను మరల జదివినప్పుడు మాకు దోచిన దిది: తల్లి పంచుకొనుడని చెప్పినది కథ తుదిని కాదు, మొదటనే. అప్పటికి వారి కున్నవి గుడిసె, పొయ్యి, రెండు పూలచెట్లు మాత్రమే. లేమిలోనే యా నియమ మేర్పడినది. తుదిని రత్నములు వచ్చినప్పుడు వారు క్రొత్తగా నేమియు నేర్చుకొనలేదు. అలవాటైన పనినే చేసిరి.

ఈ కథ చెప్పినవారి జీవితమును జదివినప్పుడు మాకు మఱింత ధైర్యము గలిగినది. యాకోబ్ గ్రిమ్ము 1785లోను, విల్‌హెల్మ్ గ్రిమ్ము 1786లోను జన్మించిరి. మావలెనే వారికి నొక్క యేడే యెడము. 1796లో వారి తండ్రి మరణించెను. తల్లిమీద నార్గురు బిడ్డల భారము పడినది. అప్పుడు కాసెల్ నగరమున కొలువులో నున్న వారి పెద్దమ్మ సాయపడి, ఇద్దఱను నచ్చటి పాఠశాలకు బంపించెను. 1802లో యాకోబ్, మఱుసటి సంవత్సరము విల్‌హెల్మ్ మార్‌బుర్గు విశ్వవిద్యాలయమున జేరిరి. విల్‌హెల్మ్ దేహము తఱచు రోగముతో బాధపడునది, యాకోబ్ గట్టివాడు. ఒక్కని జదివించిన చాలునని యా పెద్దమ్మ తలచియున్నచో, ఇద్దఱి పేరును గలిపి నేడు లోకము చెప్పుకొను గ్రంథము పుట్టియుండెడిది కాదేమో. విల్‌హెల్మ్ వివాహమాడిన పిమ్మటను యాకోబ్ వారితో నొక్క యింటనే యుండెను. 1859లో తమ్ముడును, 1863లో నన్నయు గతించిరి. బెర్లినులో వారి సమాధులు ప్రక్కప్రక్కనే యున్నవి. ఎన్నడును విడిపోమను మాటను ఆ కథలో వ్రాసినవాడు దానిని పుస్తకములలో మాత్రమే చదివినవాడు కాడు.

ఇక మా సంగతిని ముగించెదము. మాలో పెద్దదానికి దూరపు పట్టణములోని పేరుపొందిన కళాశాలయందు, వసతిగృహమున నుండి యింటర్మీడియట్ చదువవలెనని చిరకాలపు కోరిక. దాని ఖర్చు మా యింటికి రెండేండ్ల కుట్టుకూలి. బస్సుపై పోయి రాదగిన దూరమునం దింకొక కళాశాల గలదు. అచ్చట జేరినచో మఱుసటి సంవత్సరము చిన్నదియు జేరవచ్చునని మా యమ్మ లెక్క తేల్చినది. పెద్దది రెండు దినములు మాటాడలేదు. మూడవ దినమున నొప్పుకొన్నది. నవ్వుచు నొప్పుకొన్న దని వ్రాసినచో నది కల్పన యగును. మాలో చిన్నది యీ యేడు ఆటల ప్రయాణములకును, క్రొత్త బూట్లకును వలయు సొమ్మును వదలుకొని, సాయంకాలము మైదానమునుండి వచ్చిన పిమ్మట మా యమ్మకు కాజాలు కుట్టి, బొత్తాములు వేయుచున్నది. పెద్దదియు నాదివారములందు ఫాల్సు కుట్టుచున్నది. ఋతువులను బట్టి పని పంచుకొనుటకు మనకు మంచు కాలము లేదు గనుక వారములను బట్టి పంచుకొంటిమి.

ఒక రాత్రి చిన్నది పెద్దదానితో, "నా కొఱకు నీవు దూరపు కళాశాలను వదలుకొన్నావని ముందు ముందు నాతో ననకు మక్కా" అన్నది. పెద్దది కొంచెము సేపూరకుండి, "అనను అని యిప్పుడు మాట యిచ్చుట సులభము. ఒకవేళ నన్నచో గడపటి పుట తెఱచి నాకు జూపుము" అన్నది. పంచుకొనుట యనగా నెవ్వరికిని తక్కువ గాకుండ బంచుట యని మే మిదివఱకు దలచుచుంటిమి. ఉన్నదే తక్కువయైనప్పుడు తక్కువనుగూడ బంచుకొనవలసియుండునని యిప్పుడు తెలిసికొంటిమి. అందువలన నెవరికిని పూర్తిగా దక్కదు. ఎవరును పూర్తిగా గోల్పోరు.

ఇంట నిద్దఱు బిడ్డలు గల తల్లిదండ్రులకును, ప్రక్క బల్లలమీద తోబుట్టువులను గూర్చుండబెట్టుకొని పాఠము చెప్పు పూజ్యులైన యుపాధ్యాయులకును మే మొక్క మనవి చేసికొనుచున్నాము. గుడిసెముందు నున్నవి రెండు చెట్లు. ఒక్క చెట్టునకు బూసిన రెండు రంగుల పూవులు గావు. ఒకదానికి బోసిన నీరు రెండవదాని వేళ్లకు జేరదు. తెల్లపూవును చూపి యెఱ్ఱచెట్టును, ఎఱ్ఱపూవును చూపి తెల్లచెట్టును మందలించుటవలన నే చెట్టును ఎక్కువగా బూయదు. రెంటికిని వేఱు వేఱుగ నీరు పోయవలెను; నీరు కొంచెమే యున్నచో రెంటికిని కొంచెము కొంచెము.

మాలో చిన్నదానికి బొమ్మలు వేయుట కొంత చేతనగును. గ్రంథాలయాధ్యక్షురాలైన యమ్మగారి యనుమతితో నామె యొక కాగితముమీద రెండవ పెండ్లిని, నిధి పంపకమును, తల్లి కిటికీయెదుటి రెండు చెట్లను రంగులతో జిత్రించినది. మాలో పెద్దది యాంగ్లమునను తెలుగునను దాని క్రింద నాలుగు వాక్యములు వ్రాసినది. ముద్రాపకులు 32 పుటలలో నిముడ్పలేనిది మా 33వ పుటలో నిమిడినది. మూడవ తరగతి పిల్లలు దానిని జూచి, తమ్ముని గుఱ్ఱము కాళ్లు పొట్టిగా నున్నవని మాత్ర మాక్షేపించిరి. ఆ పుస్తకము గ్రంథాలయమున బాలల యఱలో క్రింది వరుసయందున్నది. తీసికొని చదువువారు కడపట మడిచి పెట్టిన కాగితమును గూడ విప్పి చూతురు గాక.